పిల్లల క్యాన్సర్ వైద్యం: డాక్టరా, నర్సా?

విశాఖలో ఇంటర్ చదువుతూ, ఏడాదిగా పిల్లల క్యాన్సర్ వైద్యాన్ని వృత్తిగా పరిశీలించాక నా ముందు రెండు దారులు మిగిలాయి. డాక్టరు కావాలంటే ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఎంబీబీఎస్‌కు ఐదున్నరేళ్లు, పిల్లల వైద్యంలో ఎండీకి 3, ఆపై పిల్లల క్యాన్సర్ వైద్యంలో ప్రత్యేక కోర్సు అయిన డీఎంకు మరో 3 ఏళ్లు పడతాయి. ఆంధ్ర మెడికల్ కాలేజీలో సీటు దొరికినా (అది వేరే యుద్ధం) చదువు ముగిసేసరికి ముప్పై ఏళ్లు దగ్గరపడతాయి. బీఎస్సీ నర్సింగ్ 4 ఏళ్లే. పిల్లల్లో ఎక్కువగా కనిపించే తీవ్ర లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్‌కు చికిత్స సాధారణంగా రెండు మూడేళ్లు సాగుతుంది. ఏ మందు ఎంత మోతాదులో ఇవ్వాలో నిర్ణయించేది డాక్టరు కాగా, కీమో ఎక్కిస్తూ సూది చుట్టూ వాపును ముందుగా పసిగట్టేది, ఇంటికెళ్లాక జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రావాలని తల్లికి నచ్చజెప్పేది ఎక్కువగా నర్సే. జీతం, హోదా డాక్టరు వైపే మొగ్గుతాయి. నీట్‌కు సిద్ధమవుతున్నా, నా మనసు మాత్రం నర్సింగ్ వైపే ఉంది.