డిక్కీ దానంతట అదే లేవాలంటే స్ప్రింగ్ రాడ్లు మేలా, మోటారు కిట్ మేలా?

టాటా కర్వ్ ఈవీ పై వేరియంట్లలో బటన్ నొక్కితే డిక్కీ తలుపు తెరుచుకునే ఏర్పాటును కంపెనీయే ఇస్తుంది. అది లేని విద్యుత్ కారు కొని, బెంగళూరు జేసీ రోడ్డులో విడిగా అమర్చించుకోవాలనుకునే వారి ముందు రెండు మార్గాలున్నాయి.

చవకైనది స్ప్రింగ్ రాడ్ల మార్గం. డిక్కీని నిలబెట్టే పాత రాడ్లను (దుకాణాలలో వీటిని హైడ్రాలిక్ అంటారు గాని, లోపల ఉండేది ఒత్తిడితో నింపిన నైట్రోజన్) తీసివేసి బలమైన స్ప్రింగ్ ఉన్నవి బిగిస్తే, లాక్ వదలగానే తలుపు పైకి లేస్తుంది. వైరింగు జోలికి పోనక్కరలేదు. అయితే మూసేటప్పుడు ఆ స్ప్రింగ్ బలాన్నంతా మన చేతులే ఎదుర్కోవాలి. పైగా తలుపు ఎంత ఎత్తులో ఆగాలో నిర్ణయించే వీలు లేనందున, అపార్టుమెంట్ సెల్లారులో పైపులు కిందికి వేలాడే చోట పెయింటు గీసుకుపోవచ్చు.

మోటారు కిట్‌లో రాడ్డు లోపలే చిన్న మోటారు, పళ్ల చక్రాలు, స్క్రూలా మరలున్న కడ్డీ ఉంటాయి. తలుపును తెరవడమే గాక మూయడం కూడా దాని పనే; మంచి కిట్లలో ఎత్తును నిర్ణయించుకోవచ్చు, అడ్డు తగిలితే తలుపు వెనక్కి మళ్లుతుంది. కాలు ఆడిస్తే తెరుచుకునే సెన్సరుకు అదనంగా చెల్లించమని మాత్రం నేను చెప్పను. కారు కడిగే నీళ్లకూ, కింద దూరే వీధి కుక్కకూ అది తేడా తెలుసుకోలేకపోవచ్చు.

విద్యుత్ కారులో అసలు చిక్కు మోటారు బలంతో కాదు, అది కరెంటు తీసుకునే చోటుతో వస్తుంది. కిట్ నడిచేది కారును నడిపే పెద్ద బ్యాటరీతో కాదు, 12 వోల్టుల చిన్న బ్యాటరీతో. కారుకు తాళం వేశాక కూడా కిట్ మాడ్యూల్ (దాన్ని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) నిద్రపోకుండా కరెంటు లాగుతుంటే, సంక్రాంతికి వారం రోజులు ఊరెళ్లి వచ్చేసరికి ఆ చిన్న బ్యాటరీ ఖాళీ అయి, పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు ఆన్ కాకపోవచ్చు. అందువల్ల వైర్లు కోయకుండా కప్లర్లతో (ఒకదానిలో ఒకటి గుచ్చే ప్లగ్గులతో) కలుపుతారా, విడిగా ఫ్యూజు వేస్తారా, తలుపులోకి వెళ్లే వైర్లను రబ్బరు గొట్టం గుండానే తీసుకువెళతారా అన్నవి ధర కంటే ముందు అడగవలసిన ప్రశ్నలు. పెద్ద బ్యాటరీకి సంబంధించిన నారింజ రంగు కేబుళ్లలో ఉండేది ప్రాణాంతకమైన వోల్టేజీ. ఈ పనికి వాటిని తాకవలసిన అవసరమే లేదు. వారంటీపై ప్రభావం గురించి సర్వీస్ సెంటరు నుంచి లిఖితపూర్వకంగా సమాధానం తీసుకోవాలి.

చేతుల నిండా సంచులున్నప్పుడు తలుపు లేస్తే చాలనుకునే వారికి స్ప్రింగ్ రాడ్లే మేలని నా అభిప్రాయం. ఎత్తు తక్కువైనవారో, భుజం నొప్పి ఉన్న పెద్దవారో తరచుగా డిక్కీ మూయవలసి వస్తే మోటారు కిట్‌కు పెట్టే ఖర్చు వృథా కాదు. అది పెట్టించుకున్నవారు దుకాణం వదిలే ముందు, చుట్టిన తువ్వాలును తలుపు అంచున పెట్టి మూయించి, అది వెనక్కి మళ్లుతోందో లేదో చూసుకోవాలి. ఆ పరీక్షకు చేతిని మాత్రం అడ్డుపెట్టకూడదు.