స్కూబా నేర్చుకునే ఊరు వేరు, చూసే ఊరు వేరు

అండమాన్ వెళ్లొచ్చినవాళ్లలో చాలామంది "స్కూబా చేశాం" అంటారు. వాళ్లు చేసింది సాధారణంగా అరగంట ట్రై డైవ్. ఇన్‌స్ట్రక్టర్ వెనక నుంచి సిలిండర్ పట్టుకుని, తేలడాన్ని అదుపుచేసే బీసీడీ జాకెట్‌లో గాలి తనే నింపి తనే వదులుతూ, చేపల మధ్య తిప్పి తీసుకొస్తాడు. మనం చేసేదల్లా నోటితో ఊపిరి పీల్చి వదలడం, ముక్కు మూసి మెల్లగా ఊది చెవులు సర్దుకోవడం. అందులో తప్పేమీ లేదు. అయితే ఆ ధీమాతో, సొంతంగా డైవ్ చేయడం నేర్పే తొలి కోర్సు ఓపెన్ వాటర్‌లో చేరితే మొదటి రోజే చుక్కలు కనిపిస్తాయి. మాస్క్‌లోకి నీళ్లు ఎక్కించుకోమంటారు. సిలిండర్ గాలి అందించే రెగ్యులేటర్ నోట్లోంచి తీసి వదిలేసి మళ్లీ వెతికి పట్టుకోమంటారు. నేల తాకకుండా, పైకి తేలకుండా ఒకేచోట నిలబడమంటారు. చేతులు పట్టుకుని తిప్పేవాళ్లు అక్కడ ఉండరు.

అందుకే కోర్సుకి ఊరు ఎంచుకునేటప్పుడు చేపల్నీ పగడాల్నీ పక్కన పెట్టాలి. నడుములోతు నిశ్చలమైన నీళ్లు ఉన్నాయా, ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది విద్యార్థులు, ఒక రోజు అదనంగా పడితే ఆగే వీలుందా అన్న మూడే చూడాలి. కింద చెప్పే ఊళ్లన్నీ ఈ మూడింటి మీదే తూచినవి.

కోర్సులో థియరీ, లోతు తక్కువ నీటిలో అభ్యాసాలు, ఆపైన సముద్రంలో నాలుగు డైవ్‌లు ఉంటాయి. గరిష్ఠ లోతు 18 మీటర్లు. పాడి (PADI, డైవింగ్ శిక్షణ, సర్టిఫికెట్లు ఇచ్చే అంతర్జాతీయ సంస్థ) కోర్సులో ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, లేదా మాస్క్, స్నార్కెల్ (ఊపిరి గొట్టం), ఫిన్స్ (కాళ్లకి తొడిగే రెక్కలు)తో 300 మీటర్లు. వేగం లెక్క లేదు. పది నిమిషాలు ఏ ఆధారం లేకుండా తేలాలి. ఉబ్బసం, గుండె, చెవి సమస్యల గురించి మెడికల్ ఫారం ఉంటుంది. అందులో కొన్ని ప్రశ్నలకి "అవును" అని రాస్తే డాక్టర్ సంతకం కావాలి. ఆ సంతకం మీ సొంత ఊళ్లోనే చేయించుకుని వెళ్లాలి, దీవిలో డాక్టర్ కోసం తిరిగితే ఒక రోజు పోతుంది.

బావుల్లో, కాలువల్లో ఈత నేర్చినవాళ్లకి ఒక చిక్కుంది. నీళ్లలో తల పెట్టగానే ఊపిరి బిగపట్టడం వాళ్లకి ఒంటబట్టిన అలవాటు. స్కూబాలో మొట్టమొదటి నియమం దానికి పూర్తిగా ఎదురు: ఊపిరి ఎప్పుడూ ఆపకూడదు. సిలిండర్ గాలి చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సమానంగా ఊపిరితిత్తుల్లోకి వస్తుంది. బిగపట్టి పైకి లేస్తే ఒత్తిడి తగ్గి ఆ గాలి వ్యాకోచిస్తుంది, మీటరున్నర లోతు నుంచి లేచినా ఊపిరితిత్తులు దెబ్బతినొచ్చు. ప్రాణాయామం అలవాటున్నవాళ్లకి ఒక్క మాటలో చెప్పొచ్చు. పూరకం, రేచకం సరే, కుంభకం మాత్రం వద్దు. రెగ్యులేటర్ నోట్లో లేని క్షణాల్లో కూడా పెదాల మధ్య నుంచి సన్నటి బుడగలు వదులుతూనే ఉండాలి.

ఎక్కువమందిని ఇంటికి పంపేది మాస్క్ అభ్యాసమే. మాస్క్ పైఅంచు కొద్దిగా ఎడం చేయగానే నీళ్లు చల్లగా కళ్ల ముందు నుంచి ముక్కు దాకా ఎక్కుతాయి. ముక్కుపుటాలకి నీళ్లు తగలగానే గొంతు దానంతటదే బిగుసుకుంటుంది. నోట్లో రెగ్యులేటర్ ఉంది, గాలి పుష్కలంగా ఉంది, అయినా పీల్చబుద్ధి కాదు. కళ్లు పెద్దవవుతాయి, చేతులు ముఖం మీదికి పోతాయి, కాళ్లు లేచి నిలబడతాయి. ఇది పిరికితనం కాదు, శరీరం తనని తాను కాపాడుకునే తీరు. దానితో పోట్లాడితే లాభం లేదు, నెమ్మదిగా అలవాటు చేయాలి.

సగం మాస్క్ మాత్రమే నింపండి. వెంటనే ఖాళీ చేయకుండా నోటితో నాలుగైదు నిదానమైన ఊపిర్లు తీయండి. "నీళ్లున్నా ఊపిరాడుతోంది" అని ఒంటికి తెలియాలి. తర్వాత రెండు వేళ్లతో మాస్క్ పైఅంచుని నుదుటికి అదిమి, ముక్కుతో రాగం తీసినట్టు సన్నగా, పొడుగ్గా గాలి వదలండి. వదలడం మొదలయ్యాకే గడ్డం కాస్త పైకెత్తాలి. ముందే ఎత్తితే నీళ్లు నేరుగా ముక్కులోకి దిగుతాయి. గాలి పైన చేరి నీళ్లని కింది అంచు నుంచి తోసేస్తుంది. ఒక్క ఊపులో గట్టిగా చీదినట్టు ఊదేవాళ్లకి గాలంతా పక్కల నుంచి పోతుంది, నీళ్లు అలాగే ఉంటాయి. కింది అంచు నొక్కిపెడితే నీళ్లకి దారే ఉండదు. సగం మాస్క్ కుదిరాక నిండుగా, ఆ తర్వాతే పూర్తిగా తీసి పెట్టుకోవడం.

దీనికి ఇంట్లోనే సాధన చేయొచ్చు. మాస్క్ లేకుండా స్నార్కెల్ ఒక్కటే నోట్లో పెట్టుకుని, బకెట్ నీళ్లలో ముఖం ముంచి, రోజూ ఐదు నిమిషాలు నోటితోనే ఊపిరి తీయాలి. వారం చేస్తే నీళ్లలో తెరిచి ఉన్న ముక్కుకి బెదురు తగ్గుతుంది. ప్రయాణానికి ముందు చేసే ఏ ఇతర తయారీకన్నా ఇది విలువైనది.

మాస్క్ కారితే పట్టీ బిగించకండి. బిగించేకొద్దీ సిలికాన్ అంచు మడతపడి ఇంకా కారుతుంది. కారణం మీసం కావచ్చు, ముక్కు కింద సన్నటి గీతంత గొరిగితే చాలు. లేదా అంచు కింద ఇరుక్కున్న వెంట్రుకలు. జడ కిందికి అల్లి, నుదుటి మీద జుట్టు బ్యాండ్‌తో వెనక్కి కట్టుకోవాలి. ముక్కుపుడక తీసేయడం మేలు, చెవుల కోసం ముక్కు మూసుకున్నప్పుడల్లా గుచ్చుకుంటుంది. కొత్త మాస్క్ అద్దానికి తయారీలో అంటిన పొర ఉంటుంది. టూత్‌పేస్ట్‌తో నాలుగైదుసార్లు రుద్ది కడగకపోతే ఎంత ఉమ్మి రాసినా మంచు పడుతూనే ఉంటుంది. కళ్లజోడు ఉన్నవాళ్లు పవర్ అద్దాల మాస్క్ ఉందా అని ముందే అడగాలి.

ఈ దశకి అండమాన్‌లోని హావ్‌లాక్ దీవి, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్, చక్కగా సరిపోతుంది. బీచ్ నంబర్ 2 వైపు నెమో రీఫ్ ఉంది. ఒడ్డు నుంచే నడిచి దిగొచ్చు, ఇసుక నేల, లోతు వాలుగా పెరుగుతుంది. భయమేస్తే లేచి నిలబడొచ్చు, ఆ ఒక్క వెసులుబాటు సగం భయాన్ని తీసేస్తుంది. ఇబ్బందల్లా ఉదయం పూట ట్రై డైవ్ జనం. శిక్షణ ఏ వేళకి అని అడిగి, రద్దీ లేని సమయం ఇచ్చే స్కూల్‌ని ఎంచుకోండి. తూర్పు తీరంలో పాటు వచ్చినప్పుడు నీళ్లు బాగా లోపలికి పోయి రాళ్లు తేలతాయి. అందుకే అక్కడి టైమింగులు గడియారాన్ని బట్టి కాదు, పోటుపాట్లని బట్టి మారతాయి. పొద్దున్నే ఐదున్నరకి రమ్మన్నా విసుక్కోకండి.

లక్షద్వీప్ లగూన్లు (పగడపు దిబ్బల లోపలి నిశ్చలమైన నీళ్లు) ఇంకా మేలు. చాలా దూరం నడుములోతే, కెరటం ఉండదు. కానీ పర్మిట్ తేదీలు, అగత్తి విమానం సీట్లు, కొద్దిపాటి వసతులు అన్నీ ముందే బిగిసిపోతాయి. మాస్క్ దగ్గర ఒక రోజు ఆగిపోతే పొడిగించే దారి దాదాపు లేదు. అందుకే తొలి కోర్సుకి రెండో స్థానమే.

ఇక చెవులు. నీటిలో 10 మీటర్లకి ఒత్తిడి ఉపరితలంతో పోలిస్తే రెట్టింపు అవుతుంది. చెవులకి కష్టమంతా పైన ఉన్న తొలి కొద్ది మీటర్లలోనే. 3 మీటర్ల దగ్గర అవస్థపడినవాళ్లు 15 దగ్గర హాయిగా ఉండటం మామూలే. నొప్పి వచ్చాక చెవులు సర్దుకోవడం అందరూ చేసే తప్పు. అప్పటికే లోపలి నాళం అదుముకుపోయి తెరుచుకోదు. పడవ దగ్గర నీటిపైనే ఒకసారి ముక్కు మూసి మెల్లగా ఊదాలి, ఆపైన ప్రతి అరమీటరుకీ ఒకసారి. తాడు పట్టుకుని కాళ్లు కిందికి ఉంచి దిగాలి, తలకిందులుగా దిగితే చెవులు మరింత మొరాయిస్తాయి. దిబ్బడ వీడకపోతే గట్టిగా ఊదకండి, లోపలి చెవికి గాయమవుతుంది. మీటరు పైకి లేచి, దవడ కదిలించి, గుటక వేసి మళ్లీ ప్రయత్నించండి. మూడుసార్లకీ కాకపోతే ఆ డైవ్ ఆపేయడమే సరి. జలుబు మందు వేసుకుని దిగడం ప్రమాదం. నీళ్ల అడుగున ఉండగా మందు ప్రభావం తగ్గితే, పైకి వచ్చేటప్పుడు గాలి బయటికి పోలేక చెవి పోటెత్తుతుంది.

సైగలు కూడా ముందే ఒంటబట్టాలి. బొటనవేలు పైకెత్తితే "బాగుంది" అని కాదు, "పైకి పోదాం" అని. ఈ పొరపాటుతో డైవ్‌లు మధ్యలో ఆగిపోతుంటాయి. చెవి ఇబ్బందైతే అరచేయి అటూ ఇటూ ఊపి చెవిని చూపించాలి.

చెవులు మొండికేసేవాళ్లకి కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవి కష్టం. కాచిగూడ నుంచి మురుడేశ్వర్‌కి నేరుగా రైలుంది కాబట్టి హైదరాబాద్ వాళ్లకి సులువుగా కనిపిస్తుంది. కానీ దీవికి నడిచి దిగే ఒడ్డు లేదు. గంటకు పైగా పడవ, ఆపైన నేరుగా లోతు నీళ్లలోకి దిగడం. పడవ ఊపుకి వాంతులైతే ఆ రోజు పోయినట్టే. కోర్సు పూర్తిచేసిన కార్డు చేతికొచ్చాక మాత్రం తప్పక వెళ్లాల్సిన చోటు. వానాకాలంలో అక్కడ డైవింగ్ ఉండదు. పుదుచ్చేరి కూడా ఇలాంటిదే. మొదటి భాగం ఈతకొలనులో బాగా చెబుతారు, తర్వాత తెరిచిన సముద్రమే.

మాస్క్, చెవుల తర్వాత మూడో గండం బాయన్సీ, అంటే నీటిలో తేలకుండా, మునగకుండా నిలకడగా ఉండటం. ఇక్కడ ఏం తప్పు జరుగుతుందో దగ్గర నుంచి చూడండి. విద్యార్థి మోకాళ్ల మీదుగా ఇసుకలోకి దిగిపోతున్నాడు. ఊపిరి లోపలికి తీస్తాడు. ఏమీ జరగదు, ఎందుకంటే నీటిలో ఒళ్లు కదలడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. కంగారుగా బీసీడీ బటన్ నొక్కుతాడు. ఇంతలో మొదటి ఊపిరి ప్రభావం, ఆ గాలి, రెండూ కలిసి వస్తాయి. మీటరు లేస్తాడు, లేచిన కొద్దీ జాకెట్‌లో గాలి వ్యాకోచించి ఇంకా పైకి లాగుతుంది. ఇప్పుడు గాలంతా వదిలేస్తాడు, మళ్లీ ఇసుక. మందు ఒక్కటే: బటన్ ఒక్క చిన్న నొక్కు, తర్వాత రెండు ఊపిర్లు ఆగి చూడటం.

దీని వెనక అసలు దోషం చాలాసార్లు నడుముకి కట్టిన బరువులది. సమయం మిగులుతుందని కొన్నిచోట్ల విద్యార్థులకి రెండు మూడు కిలోలు ఎక్కువ కట్టేస్తారు. బరువు ఎక్కువైతే దానికి విరుగుడుగా జాకెట్‌లో గాలి ఎక్కువ, ఆ గాలి లోతు మారినప్పుడల్లా ఆటాడిస్తుంది. బరువు సరిచూడమని మీరే అడగండి. నీటిపైనే జాకెట్ ఖాళీ చేసి, మామూలు ఊపిరి పట్టి కదలకుండా ఉంటే నీటి గీత కళ్ల దగ్గర ఆగాలి, ఊపిరి వదిలితే మునగాలి. నిండు సిలిండర్‌తో చూస్తే రెండు కిలోల దాకా కలపాలి. 200 బార్ నింపిన మామూలు అల్యూమినియం సిలిండర్‌లో గాలే రెండున్నర కిలోలకు పైగా ఉంటుంది, డైవ్ చివరికి ఆ బరువులో చాలావరకు పోతుంది. మరోటి, ఫిన్స్‌ని సైకిల్ తొక్కినట్టు తొక్కకండి. కదలిక తుంటి నుంచి రావాలి. చేతులు ముడుచుకోండి.

నేలా, పైనున్న వెలుగూ రెండూ కనిపిస్తేనే ఒళ్లు తను లేస్తోందో దిగుతోందో పట్టుకుంటుంది. గోవా గ్రాండ్ ఐలాండ్ దగ్గర నీళ్లు తరచూ మసకగా ఉంటాయి. విశాఖ రుషికొండ మనకి దగ్గరే, కానీ కెరటాలకి ఇసుక రేగి చూపు ఆనని రోజులు చాలా ఉంటాయి. బాయన్సీ తొలిసారి నేర్చుకోవడానికి రెండూ అనువు కావు. చూపు ఆనే నీళ్లు కావాలంటే ఇక్కడే థాయ్‌లాండ్‌లోని కో తావ్ దీవి ప్రస్తావన వస్తుంది. స్కూళ్ల పోటీ వల్ల ధరలు తక్కువ, నీళ్లు వెచ్చన. సీజన్లో గుంపులు మాత్రం పెద్దవి. పాడి నియమం ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఎనిమిదిమంది దాకా ఒప్పుకుంటుంది. అభ్యాసాల దగ్గర తడబడేవాళ్లకి నలుగురు మించితే తమ వంతు కోసం మోకాళ్ల మీద కూర్చోవడంతోనే గాలి అయిపోతుంది. చౌక కోసం కాదు, చిన్న గుంపు రాతపూర్వకంగా ఇస్తేనే అక్కడికి వెళ్లండి. నవంబరు, డిసెంబరు వానలు తప్పించుకోవాలి.

ఇంకో దారి ఉంది, సెలవులు తక్కువున్న ఉద్యోగులకి అదే మంచిది. థియరీ ఇంట్లో, కొలను అభ్యాసాలు బెంగళూరు వంటి నగరంలో వారాంతాల్లో పూర్తిచేసి, ఆ భాగం పూర్తయిందని చూపే రెఫరల్ కాగితంతో సముద్రపు నాలుగు డైవ్‌లకి అండమాన్ వెళ్లొచ్చు. పాడి రెఫరల్ 12 నెలలు చెల్లుతుంది. మాస్క్ తిప్పలు ఇంటి దగ్గరే పడొచ్చు.

హావ్‌లాక్‌లో బస బీచ్ నంబర్ 2 నుంచి 5 మధ్య తీసుకోండి, డైవ్ స్కూళ్లు అటే. రాధానగర్ బీచ్ పక్కన అందమైన గదులున్నాయి, కానీ తెల్లవారుజామున దీవి ఆ చివర నుంచి ఈ చివరకి రావాలి. స్కూల్‌కి నడిచిపోయే దూరంలో మామూలు గది ఉంటే, తడిబట్టలు ఆరేసుకునే వసారా ఉంటే చాలు. భాష గురించి: 2011 లెక్కల్లో అండమాన్ జనాభాలో దాదాపు 13 శాతం తెలుగువాళ్లు, పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) బజారులో తెలుగు వినపడుతూనే ఉంటుంది. స్కూళ్లలో మాత్రం హిందీ, ఇంగ్లిషే. మీకు ఏ భాష తడుముకోకుండా అర్థమవుతుందో ముందే చెప్పండి.

డబ్బు కట్టే ముందు స్కూల్‌ని అడగండి: అభ్యాసం రాకపోతే అదనపు రోజుకి ఎంత? మంచి స్కూల్ సూటిగా చెబుతుంది, కొన్ని ఉచితంగానే చేయిస్తాయి. "అందరికీ మూడు రోజుల్లో గ్యారంటీగా వచ్చేస్తుంది" అనేచోట ఆగకండి. మాస్క్ తీయడం చేయకుండానే సంతకం పెడతామంటే అది మీకు ఉపకారం కాదు.

జనవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా అండమాన్‌లో సముద్రం నెమ్మదిగా ఉంటుంది. నాలుగు రోజుల కోర్సుకి ఆరు రోజులు పెట్టుకోండి. ఒకటి చెవుల కోసం, ఒకటి విమానం కోసం. పలు డైవ్‌ల తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు, కరిగిన నైట్రోజన్ ఒంట్లోంచి పోవాలి. గాలివానకి ఫెర్రీలు రద్దవుతాయి కాబట్టి విమానం ముందురోజే పోర్ట్ బ్లెయిర్ చేరండి. హావ్‌లాక్‌లో చివరి డైవ్ ఉదయమే ముగుస్తుంది, మధ్యాహ్నం రాధానగర్‌కి ఆటో మాట్లాడుకోండి. అక్కడి మెత్తటి ఇసుకలో సాయంత్రం దాకా కూర్చోవచ్చు. స్నార్కెల్‌తో లోతుకు మునగడం మాత్రం ఆ రోజు వద్దు.