తిరుపతిలో ప్రొడక్ట్ డిజైన్ కోచింగ్: మోడల్ తయారీ తరగతి కోసం చేరవచ్చు

ఇంజనీరింగ్, నీట్ కోచింగ్ బోర్డులు వీధి వీధినా కనిపించే తిరుపతిలో, ప్రొడక్ట్ డిజైన్ (వాడకానికి అనువుగా వస్తువులను రూపొందించే చదువు) ప్రవేశ పరీక్షలకు శిక్షణ ఇచ్చే చోటు ఒకటి ఉందని విని మా అమ్మాయిని బాలాజీ కాలనీలోని ఆ కేంద్రంలో చేర్పించాము. కోర్సు పూర్తయింది కనుక, ఇదే చదువు గురించి ఆలోచిస్తున్న తల్లిదండ్రుల కోసం ఈ సమీక్ష రాస్తున్నాను.

ఆ కేంద్రానికి ప్రాణం మోడల్ తయారీ, అంటే వస్తువు నమూనాను చేతులతో చేయడం నేర్పే మాస్టారు. మొదటి తరగతిలోనే ఆయన ఒక ఇత్తడి చెంబు తెచ్చి, నిండా నీళ్లు పోసి పిల్లలందరి చేతా మోయించారట. అంచు పట్టుకుంటే వేళ్లు ఎక్కడ ఆగుతున్నాయి, చంకన పెట్టుకుంటే బరువు ఎటు ఒరుగుతోంది, లోపల చెయ్యి పెట్టి తోమడానికి మూతి సరిపోతుందా అని ఒక్కొక్కరినీ అడిగాకే పెన్సిల్ పట్టనిచ్చారట. 1958లో అమెరికన్ డిజైనర్లు ఈమ్స్ దంపతులు భారత ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో చెంబును గురించి వేసిన ప్రశ్నలు సరిగ్గా ఇలాంటివే. 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ) ఏర్పడటానికి ఆ నివేదికే పునాది.

ఆయన ఇచ్చిన అభ్యాసాల్లో నాకు బాగా నచ్చినది అలిపిరి మెట్ల దారిది. 3,550 మెట్లకూ పసుపు కుంకుమలు పెడుతూ ఎక్కే ఆడవాళ్లను గమనించి, వారికి పనికివచ్చే వస్తువు ఒకటి తయారు చేయమన్నారు. వంగే పని లేకుండా పొడవాటి కాడ ఉన్న పరికరం చేద్దామని మా అమ్మాయి అనుకుంది గానీ, అక్కడ ఒక పెద్దావిడను అడిగితే "వంగి పెట్టడమే మా మొక్కు తల్లీ, ఈ గిన్నె పట్టుకుని పట్టుకుని చెయ్యే లాగుతోంది" అన్నారట. దాంతో ఆలోచన మారి, పసుపు, కుంకుమ కలిసిపోకుండా రెండు అరలతో, నడుముకు కట్టుకునే పెట్టెను అట్టతో చేసింది. మనిషిని అడగకుండా వస్తువు చేయకూడదన్న పాఠం ఇంత సూటిగా అందే తరగతి దొరకడం మా పిల్లల అదృష్టమనే నేను నమ్ముతున్నాను.

అయితే ఐఐటీ బాంబే నిర్వహించే డిజైన్ డిగ్రీ ప్రవేశ పరీక్ష యూసీడ్ విషయంలో కేంద్రం తీరు నాకు బాధ కలిగించింది. ఆ పరీక్షకు మొత్తం 300 మార్కులు ఉండగా, కంప్యూటర్ మీద రాసే మొదటి భాగానికే 200 మార్కులు. అందులో కటాఫ్ దాటనివారి రెండో భాగాన్ని, అంటే బొమ్మలు గీసే భాగాన్ని దిద్దనే దిద్దరు. పైగా ఈ పరీక్షను వరుసగా రెండేళ్లలో రెండుసార్లు మాత్రమే రాయనిస్తారు. అయినా ఆ మొదటి భాగంలో వచ్చే తర్కం, ఆకారాలను మనసులో తిప్పి చూసే ప్రశ్నల వంటివాటిని ఆదివారం మిగిలిన గంటకు వదిలేశారు. పరీక్ష వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే పాత ప్రశ్నపత్రాలను బైండు చేసి "మెటీరియల్" పేరుతో డబ్బు తీసుకోవడం అంతకన్నా అన్యాయం, ఎందుకంటే అక్కడికి వచ్చే పిల్లల్లో చాలామంది ఫీజుకే అప్పు చేసిన ఇళ్లవాళ్లు. ఇదేమని ఆఫీసులో అడిగితే సరైన జవాబు రాలేదు.

ఎన్‌ఐడీ ప్రవేశ పరీక్ష రెండో దశ అయిన మెయిన్స్‌లో ఇచ్చిన సామగ్రితో అక్కడికక్కడే మోడల్ చేయాల్సి ఉంటుంది కనుక, ఆ పరీక్షకు వెళ్లే పిల్లలను ఇక్కడ నిస్సందేహంగా చేర్పించవచ్చు. యూసీడ్ మొదటి భాగానికి మాత్రం పాత పత్రాలు డౌన్‌లోడ్ చేసుకుని, గడియారం పెట్టుకుని ఇంట్లోనే సాధన చేయించండి. ఫీజు కట్టే ముందు, ఈ ఏడాది మోడల్ తరగతులు ఆ మాస్టారే తీసుకుంటారా అన్నది తప్పకుండా అడిగి తెలుసుకోండి.