సాలార్‌జంగ్, నాగార్జునకొండ, అమరావతి: మ్యూజియంలో ఫోటోలు బాగా రావాలంటే

ఈ మూడు మ్యూజియాలకూ శుక్రవారమే సెలవు. అందుకని శనివారం సాయంత్రానికి నాగార్జునసాగర్ చేరుకోవడం మేలు. ఆదివారం లాంచీ ఎక్కి, సోమవారం అమరావతి చూసి, తిరుగు ప్రయాణంలో మంగళవారం సాలార్‌జంగ్‌కు వెళ్లొచ్చు. లాంచీకి ఆదివారమే ఎందుకంటే, ప్రయాణికులు తక్కువైతే అది బయల్దేరడం ఆలస్యమవుతుంది. సాలార్‌జంగ్ సంగతి దీనికి తలకిందులు. అక్కడ ఆదివారం ఏ విగ్రహం ముందైనా పది తలలు అడ్డం ఉంటాయి.

నాగార్జునకొండ ఫోటోలకు మూడింటిలోనూ ఉత్తమం. విజయపురి సౌత్ రేవు నుంచి లాంచీలో ముప్పావు గంట పడుతుంది. ద్వీపంలో దాదాపు గంటసేపు ఆగుతుంది, ఆ గంటే మీ చేతిలో ఉన్నది. హైదరాబాద్ నుంచి సాగర్ సుమారు 150 కిలోమీటర్లు. పొద్దున్నే బయల్దేరి వచ్చి లాంచీ ఎక్కుదామనుకుంటే మొదటిది తప్పిపోయి, మిట్టమధ్యాహ్నం ఎండలో దిగాల్సి వస్తుంది. అందుకే ముందురోజు రాత్రి అక్కడే బస చేయండి. హిల్ కాలనీలో తెలంగాణ పర్యాటక శాఖ వారి విజయ్ విహార్ జలాశయాన్ని చూస్తూ ఉంటుంది. రేవుకు దగ్గరగా ఉండటమే ముఖ్యమనుకుంటే విజయపురి సౌత్ వైపు గది చూసుకోవాలి. నీటిమట్టాన్ని బట్టి, గాలిని బట్టి లాంచీలు ఆగిపోతుంటాయి. గది తీసుకునేటప్పుడే మర్నాడు లాంచీ ఉందో లేదో కనుక్కోండి.

దిగగానే మ్యూజియంలోకే వెళ్లాలి. బయట తిరిగి కట్టిన స్తూపాల దగ్గర ఆగిపోయినవాళ్లకు లోపల చూడటానికి పావుగంట కూడా మిగలదు. లోపలున్నవి ఎక్కువగా క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దాల నాటి ఇక్ష్వాకుల కాలపు సున్నపురాతి ఫలకాలు. జలాశయం నిండక ముందు లోయలో తవ్వి పైకి చేర్చినవి. ఈ ఫలకాల మీద చెక్కడం లోతు తక్కువ. వెలుగు ఎదురుగా పడితే అంత సున్నితమైన పనీ చదునుగా, సుద్దముక్క మీద గీతల్లా కనిపిస్తుంది. ఫ్లాష్ చేసే పాడు సరిగ్గా ఇదే. నిబంధన ఒప్పుకున్నా ఫ్లాష్ వాడకూడదని చెప్పేది అందుకే. వెలుగు పక్కనుంచి ఏటవాలుగా రావాలి. మ్యూజియం దీపాల్ని మనం కదపలేం కాబట్టి మనమే కదలాలి. కిటికీ గానీ స్పాట్ లైటు గానీ ఫలకానికి ఎడమవైపు ఉంటే, మీరు కాస్త కుడివైపుకు జరగండి. వెలుగున్న వైపు నుంచి చూస్తే నీడలు చెక్కడం వెనక దాక్కుంటాయి. వెలుగుకు అవతలి వైపు నుంచి చూస్తే ముక్కు, పెదవి, నగ, మడత అన్నీ విడివిడిగా తేలుతాయి. రెండడుగుల తేడాతో అదే రాయి వేరే శిల్పంలా వస్తుంది.

నిలువెత్తు బుద్ధ విగ్రహాన్ని దగ్గర నిలబడి ఫోన్ పైకెత్తి తీస్తే తల చిన్నదై, పాదాలు పెద్దవవుతాయి. నాలుగైదు మీటర్లు వెనక్కి వెళ్లి 2ఎక్స్ (రెండింతల జూమ్) లెన్సు వాడండి. ఫోను విగ్రహం నడుము ఎత్తులో, నేలకు నిటారుగా ఉండాలి. తెర మీద గ్రిడ్ గీతలు పెట్టుకుంటే వాలు వెంటనే తెలిసిపోతుంది.

ఇక మనుషుల ఫోటోలు. స్పాట్ లైటు సరిగ్గా కింద నిలబడితే కళ్లు గుంటల్లా నల్లబడతాయి. దీపం కింది నుంచి ఒక అడుగు వెనక్కి జరిగి, ముఖం దీపం వైపు కొద్దిగా ఎత్తితే ఆ నీడ పోతుంది. తెల్ల చున్నీ గానీ తువ్వాలు గానీ ఛాతీ ఎత్తులో, కెమెరాకు కనపడకుండా పట్టుకుంటే గడ్డం కిందికి కూడా వెలుగు వస్తుంది. మనిషిని శిల్పానికి ఆనించి నిలబెట్టొద్దు. చేతి జిడ్డు రాతిలోకి ఇంకుతుంది. అదీగాక ఆనుకున్న మనిషి, శిల్పం ఒకే దూరంలో ఉంటే రెండూ ఒకదాన్నొకటి మింగేస్తాయి. శిల్పానికి మీటరున్నర ముందు నిలబెట్టి, కెమెరాను మనిషికి రెండు మీటర్ల దూరంలో ఉంచి, 50 మిల్లీమీటర్ల లెన్సుతో ఎఫ్/2.8 దగ్గర (ఈ అంకె తగ్గేకొద్దీ వెనకున్నది మసకబారుతుంది) తీస్తే ముఖం స్పష్టంగా వస్తుంది, వెనక ఏ శిల్పమో గుర్తుపట్టేటంత ఆకారమూ మిగులుతుంది. ఎఫ్/1.4కి వెళ్తే వెనకున్నది బుద్ధుడో స్తంభమో తెలియదు. అలాంటి ఫోటో మ్యూజియం దాకా వెళ్లి తీయక్కర్లేదు. లేతరంగు సున్నపురాయి పక్కన తెలుపు, లేత పసుపు బట్టలు కలిసిపోతాయి. ముదురు నీలం, ఇటుక ఎరుపు బాగా నిలుస్తాయి.

లాంచీ దొరకనివాళ్లు నిరాశపడక్కర్లేదు. ఒడ్డునే అనుపులో తిరిగి కట్టిన రంగస్థలం, విహారాలు ఉన్నాయి. పొద్దువాలే వేళ అక్కడి మెట్ల మీద ముఖాలకు వచ్చే వెలుగు ఏ హాల్లోనూ దొరకదు.

అమరావతికి బస గుంటూరులో గానీ విజయవాడలో గానీ పెట్టుకోవచ్చు. రెండుచోట్ల నుంచీ బస్సులున్నాయి. గుంటూరు కొంచెం దగ్గర, విజయవాడలో గదుల ఎంపిక ఎక్కువ. స్తూపం పక్కనున్న మ్యూజియం చిన్నది, రెండు గంటలు చాలు. ఇక్కడ తరచూ చెడేది రంగు. పల్నాటి సున్నపురాయికి తెలుపులో పచ్చటి ఛాయ ఉంటుంది. కిటికీ వెలుగు, పసుపు దీపం కలిసినచోట కెమెరా తికమకపడి రాయిని వెన్నరంగుగానో నీలంగానో చూపిస్తుంది. జేబులో ఒక తెల్లకాగితం ఉంచుకుని, ప్రతి గదిలో దాన్ని రాయి ముందు పెట్టి వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా చేసే రంగుల అమరిక) సరిచేసుకోవాలి. ఫోన్‌లో అయితే ప్రో మోడ్‌లో పసుపు దీపాలకు 3000, పగటి వెలుగుకు 5500 కెల్విన్ దగ్గర మొదలుపెట్టండి. అమరావతి శిల్పాల్లో గొప్ప భాగం చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియం 33ఎ గదిలో ఉంది. లండన్‌లో ఉంటున్న మనవాళ్లు ఆ గదికి వెళ్తే అక్కడ ఫలకాలు గాజు వెనక ఉంటాయి. కింద గాజు గురించి చెప్పేది వాళ్లకూ పనికొస్తుంది.

సాలార్‌జంగ్‌కు హైటెక్ సిటీ వైపు బస దండగ. నాంపల్లి, ఆబిడ్స్ దగ్గర గది తీసుకుంటే ఆటోలో చేరిపోవచ్చు. మెట్రోలో వచ్చేవాళ్లు ఎంజీబీఎస్‌లో దిగాలి. పెద్ద సంచులు క్లోక్‌రూమ్‌లో ఇవ్వాలి కాబట్టి కెమెరా, ఒక్క లెన్సు, గుడ్డ మాత్రం తీసుకెళ్లండి. కెమెరాకూ ఫోనుకూ విడిగా టికెట్ ఉందేమో ప్రవేశం దగ్గరే అడగండి. లోపలికి వెళ్లాక వెనక్కి రావడం చాలా నడక.

ఇక్కడ ఎక్కువమంది చెడగొట్టుకునేది మేలిముసుగు రెబెక్కానే. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన తెల్ల పాలరాయి అది, ముసుగు వెనక ముఖం కనిపించడమే దాని గొప్పతనం. వెనక చీకటి ఎక్కువగా ఉంటే కెమెరా మొత్తం దృశ్యాన్ని వెలిగించబోయి ముసుగును తెల్లటి ముద్ద చేస్తుంది. ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుగు) 1 స్టాప్, అంటే సగానికి, తగ్గించండి. ఫ్రేమంతా పాలరాయే నిండితే తిరగబడుతుంది, రాయి బూడిదరంగుకు దిగుతుంది. అప్పుడు ముప్పావు స్టాప్ పెంచాలి.

గోథే నాటకం ‘ఫౌస్ట్’లోని పాత్రలు మెఫిస్టోఫిలిస్, మార్గరెటా ఒకే చెక్కలో చెక్కిన జంట విగ్రహంగా వీపులు కలిపి ఉంటారు. వెనకున్న మార్గరెటా అద్దంలో కనిపిస్తుంది. ఇద్దరూ స్పష్టంగా రాకపోవడానికి కారణం దూరం. విగ్రహం మీకు రెండు మీటర్లలో, అద్దం దానికి మీటరు వెనక ఉంటే ప్రతిబింబం మీద ఫోకస్ పడే దూరం నాలుగు మీటర్లు. అందుకే ఎఫ్/8 పెట్టి, ఫోకస్‌ను విగ్రహానికి కొంచెం వెనక్కి వేయాలి. మీరు కాస్త పక్కకు జరిగితే అద్దంలో మీ కెమెరా పడదు.

సంగీత గడియారం దగ్గర గంట కొట్టే ముందు జనం చేరతారు. గంట మోగాక పది నిమిషాలు ఆగితే గడియారం ఒంటరిగా దొరుకుతుంది.

దీపాల వల్ల ఫోటోలో అడ్డచారలు వస్తున్నాయా? మన కరెంటు సెకనుకు 50 సైకిళ్లు, ఆ దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. షట్టర్ వేగం సెకనులో 1/50 వంతు గానీ 1/100 వంతు గానీ పెడితే చారలు పోతాయి. 1/500 పెడితే తప్పకుండా వస్తాయి. వెలుగు చాలకపోతే ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే తీవ్రత) 1600 నుంచి 3200 దాకా పెంచుకోండి. గరుకు కనిపించినా ఫర్వాలేదు, చేతి వణుకుతో అలుక్కుపోయిన ఫోటోను మాత్రం తర్వాత ఎవరూ బాగుచేయలేరు.

గాజు అరల ముందు ముదురురంగు చొక్కా వేసుకున్నవారికి సగం పని అయిపోయినట్టే. లెన్సు గాజుకు ఎంత దగ్గరైతే ప్రతిబింబం అంత తక్కువ. తాకొద్దన్నచోట అంగుళం దూరంలో ఆగి, నల్లగుడ్డతో చుట్టూ కప్పండి. ఎదురుగా నిలబడి తీసేటప్పుడు పోలరైజర్ (ప్రతిబింబాలు తగ్గించడానికి లెన్సుకు తగిలించే ఫిల్టర్) పనిచేయదు. ఏటవాలుగా నిలబడితేనే ప్రతిబింబాన్ని తగ్గిస్తుంది, దానికి బదులుగా ఒకటిన్నర స్టాపు వెలుగును తినేస్తుంది. చీకటి గదిలో అది చాలా ఎక్కువ ధర. కొన్ని ఫోన్లు గాజుకు దగ్గరకాగానే వాటంతట అవే మాక్రోకు మారి వెడల్పు లెన్సుతో తీస్తాయి, అప్పుడు గదిలోని దీపాలన్నీ ఫోటోలోకి వస్తాయి. సెట్టింగుల్లో ఆ మార్పు ఆపేయండి.

ప్రతి వస్తువు ఫోటో తర్వాత దాని పక్కనున్న పేరుఫలకాన్నీ ఒక ఫోటో తీయండి, ఎప్పుడూ అదే వరుసలో: ముందు వస్తువు, తర్వాత ఫలకం. వరుస తప్పితే ఇంటికొచ్చాక ఒకేలా కనిపించే ఇరవై శిల్పాల్లో ఏది ఏ ఊరిదో తేల్చుకోలేరు.