సింగపూర్ నుంచి న్యూయార్క్: డైరెక్టా, మధ్యలో ఆగే ఫ్లైటా?

దూరం: డైరెక్ట్‌గా సుమారు 15,300 కిలోమీటర్లు. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తే దాదాపు 16,500. తేడా పెద్దదేం కాదు.

సమయం: అసలు తేడా ఇక్కడే. డైరెక్ట్‌లో 18 గంటల పైచిలుకు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆగితే దాదాపు 24. అదనంగా ఎగిరే 1,200 కిలోమీటర్లకు పట్టేది గంటన్నరే. మిగతాదాంట్లో చాలావరకు దిగడం, ఆగడం, మళ్లీ ఎక్కడంలోనే పోతుంది.

ఖర్చు: ఆగే ఫ్లైటే సాధారణంగా చవక. డైరెక్ట్ విమానం మోసే ఇంధనం బరువుకే మరింత ఇంధనం కాలుతుంది. ఇంత దూరం ఆగకుండా ఎగరడానికే తయారైన ఏ350-900 యూఎల్‌ఆర్ (అల్ట్రా లాంగ్ రేంజ్) విమానంలో సింగపూర్ ఎయిర్‌లైన్స్ పెట్టింది 161 సీట్లే, మామూలు ఎకానమీ అసలు లేదు.

శ్రమ: డైరెక్ట్‌లో రెండు సినిమాలు చూసి, ఓ నిద్ర తీసి లేచినా మ్యాప్‌లో విమానం ఇంకా సముద్రం మీదే! ఆగే ఫ్లైట్‌లో కాళ్లు సాగుతాయి కానీ నిద్ర ముక్కలవుతుంది.

రిస్క్: విమానం మారాల్సి వస్తే కనెక్షన్ తప్పుతుందేమోనన్న టెన్షన్. రెండు విడి టికెట్లయితే ఆ నష్టం మీదే. నేనైతే ఆ జోలికి పోను.

దిగిన రోజే మీటింగ్ ఉన్నా, వెంట పెద్దవాళ్లున్నా డైరెక్ట్. సొంత డబ్బు, చేతిలో సెలవులు, గంటల తరబడి కూర్చుంటే నడుంనొప్పి... వీటిలో ఏదున్నా ఆగే ఫ్లైటే.