తీరం రాడార్ ప్రవాహాల మ్యాప్: ఏడాదిన్నర వాడాక నా రివ్యూ

సముద్రం పైనీటి ప్రవాహాలు గంట గంటకీ చూపించే ఆన్‌లైన్ మ్యాప్ సర్వీస్ ఒకటి ఏడాదిన్నరగా రోజూ వాడుతున్నాను. మా పని జీపీఎస్ ఉన్న చిన్న ఫ్లోట్లు నీళ్లలో వదిలి, అవి ఎటు కొట్టుకుపోతున్నాయో గమనించి, మళ్లీ పడవ మీద వెళ్లి ఏరుకుని రావడం, కాబట్టి ఈ మ్యాప్ తప్పు చెబితే దెబ్బ నేరుగా మాకే తగులుతుంది. సర్వీస్ పేరు చెప్పట్లేదు, నేను రాసేది ఈ తరహా మ్యాప్‌లు వాడే ఎవరికైనా పనికొచ్చేదే. రేటింగ్ ముందే చెప్పేస్తా, వెనకున్న రాడార్‌కి 5కి 5, దాని మీద గీసిన మ్యాప్‌కి 3, రెండూ కలిపి 4.

ముందు రాడార్ గురించి, ఎందుకంటే ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తేనే మ్యాప్‌ని ఎక్కడ నమ్మాలో తెలుస్తుంది. గుండ్రంగా తిరిగే డిష్ లాంటిదేం ఉండదు, ఒడ్డున నిలబెట్టిన యాంటెన్నా స్తంభాలు, పక్కన చిన్న గదిలో మెషీన్లు, అంతే. మేం చూసేది 12 మెగాహెర్ట్జ్ దగ్గర నడిచే రెండు రాడార్ స్టేషన్ల జత, అంటే రేడియో తరంగం పొడవు 25 మీటర్లు. ఉప్పునీరు విద్యుత్తుని బాగా పారనిస్తుంది కాబట్టి ఈ తరంగం నీటిని అంటిపెట్టుకుని, భూమి వంపు వెనక్కి కూడా వెళ్తుంది, అందుకే రోజు బాగుంటే 70 కిలోమీటర్ల దాకా కనిపిస్తుంది. సముద్రం మీద అన్ని సైజుల అలలూ ఉంటాయి కదా, వాటిలో రేడియో తరంగంలో సరిగ్గా సగం పొడవున్నవి, అంటే 12.5 మీటర్ల అలలు, వాటి ప్రతిధ్వనులు ఒకదానికొకటి తోడై గట్టిగా తిరిగొస్తాయి. దీన్ని 1955లో న్యూజిలాండ్‌లో క్రాంబీ అనే పరిశోధకుడు గమనించి రాశాడు. లోతు నీళ్లలో అంత పొడవున్న అల సెకనుకి 4.4 మీటర్ల వేగంతో పోతుందని భౌతికశాస్త్రం ముందే చెప్పేస్తుంది. మరి రాడార్ కొలిచిన వేగం దానికంటే కాస్త ఎక్కువో తక్కువో వచ్చిందనుకోండి, ఆ తేడా అల సొంతం కాదు, అల ఎక్కి పోతున్న నీళ్లది. అదే ప్రవాహం! నీళ్లలో ఒక్క పరికరం కూడా పెట్టకుండా ఒడ్డున కూర్చుని ఇది కొలుస్తున్నారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

గంటకోసారే ఎందుకు అప్‌డేట్ అవుతుంది అని మొదట్లో చిరాకు పడ్డాను. తర్వాత లెక్క వేస్తే అర్థమైంది, సెకనుకి 1 సెంటీమీటర్ తేడా పట్టాలంటే ప్రతిధ్వని ఫ్రీక్వెన్సీలో ఒక హెర్ట్జ్‌లో వెయ్యో వంతు కంటే చిన్న మార్పుని పట్టుకోవాలి, దానికి 20 నిమిషాలపాటు కదలకుండా వింటూ ఉండాల్సిందే. కాబట్టి దానికి మార్కులు తియ్యను.

ఇక మ్యాప్ సంగతి. ఒక స్టేషన్‌కి తెలిసేది నీళ్లు తన వైపు వస్తున్నాయా, తన నుంచి దూరంగా పోతున్నాయా అన్నదొక్కటే, అడ్డంగా పోయేది దానికి కనపడదు. రెండో స్టేషన్ ఇంకో కోణం నుంచి చూస్తేనే రెండూ కలిపి నీళ్లు ఎటు, ఎంత వేగంగా పోతున్నాయో చూపే బాణం మ్యాప్ మీద గీయగలం, ఆ రెండు చూపులూ 90 డిగ్రీల దగ్గర కలిస్తే బాణం గట్టిది. రెండు స్టేషన్లనీ కలిపే గీత మీద మాత్రం ఇద్దరూ ఒకే గీత వెంట చూస్తుంటారు, దానికి అడ్డంగా పోయే నీళ్లు ఎవరికీ దొరకవు. చాలా దూరంలో కూడా రెండు చూపులూ దాదాపు పక్కపక్కనే పోతాయి కాబట్టి ఒడ్డుకి సమాంతరంగా పోయే ప్రవాహం సరిగ్గా రాదు. ఇది రాడార్ తప్పు కాదు, జ్యామితి అంతే. అక్కడ ఖాళీ వదిలేస్తే సరిపోయేది.

కానీ ఈ సర్వీస్ ఖాళీ వదలదు, చుట్టుపక్కల బాణాలు చూసి నింపేస్తుంది, నింపినవీ కొలిచినవీ ఒకే రంగులో ఉంటాయి. ఇది మాకు ఎంత ఖరీదైందంటే, ఓ సాయంత్రం ఒక ఫ్లోట్ బ్యాటరీ అయిపోయి సిగ్నల్ ఆగింది, సరే మ్యాప్ ఉంది కదా అని దాని బాణాల వెంట లెక్క వేసుకుని పొద్దున్నే ఆగ్నేయం వైపు వెళ్లాం, రోజంతా వెతికాం, ఏమీ లేదు. రెండు రోజుల తర్వాత చేపల పడవ వాళ్లకి అది ఉత్తరాన దొరికింది. తర్వాత ఒక్కో స్టేషన్ ఫైల్ విడిగా తెరిచి చూస్తే, ముందురోజు మధ్యాహ్నం నుంచే రెండో స్టేషన్ ఆగిపోయి ఉంది! మేం రాత్రంతా నమ్మిన బాణాలు కొలిచినవి కానే కావు. అదే నీళ్లలో ఫ్లోట్ బదులు మనిషి ఉంటే? ఇలాంటి ప్రవాహాలని సముద్రంలో గల్లంతైన వాళ్లని వెతకడానికీ, ఒలికిన నూనె ఎటు పోతోందో చూడటానికీ వాడతారు, అందుకే ఈ విషయంలో నేను మెత్తగా రాయలేను. విడి ఫైళ్లు ఇస్తున్నారు, దానికి మెచ్చుకోవాలి, కానీ ఆ లింక్ పేజీ అట్టడుగున ఉంది.

కచ్చితత్వం అడిగేవాళ్లకి: రెండు స్టేషన్లూ బాగా చూసే చోట మా ఫ్లోట్లతో పోలిస్తే సెకనుకి 10 సెంటీమీటర్లు అటూఇటూ తేడా వస్తుంది. తక్కువే అనిపిస్తుంది గానీ ఒక రోజంతా అదే తేడా ఒకే వైపు ఉంటే 8 కిలోమీటర్లు దాటుతుంది. అందులో కొంత రాడార్ తప్పు కానే కాదు, అది మ్యాప్‌లోని ఒక్కో 3 కిలోమీటర్ల గడి మొత్తానికి, పై మీటరు లోతు నీళ్లకి సగటు చెబుతుంది, మా ఫ్లోట్ ఒక్క చోటే ఉంటుంది, పైగా దాన్ని గాలి కూడా తోస్తుంది.

సముద్రం మరీ నిశ్చలంగా ఉన్న రోజు మ్యాప్ చిన్నదైపోతే కంగారు పడకండి, ఆ 12.5 మీటర్ల అలలే లేకపోతే ప్రతిధ్వని ఎక్కణ్నుంచి వస్తుంది, కాస్త గాలి వీస్తే మళ్లీ వస్తుంది. రాత్రిళ్లు వాతావరణంలో బాగా పైనుండే అయనోవరణం అనే పొర మీద తగిలి దూరం నుంచి వచ్చే రేడియో గోల వల్ల కూడా రేంజ్ తగ్గుతుంది. పెద్ద నది కలిసే చోట నీళ్లలో ఉప్పు తగ్గినా అంతే.

ఇప్పుడు మా పద్ధతి ఏంటంటే పడవ తియ్యకముందు రెండు స్టేషన్ల విడి ఫైళ్లూ తెరిచి టైమ్ చూస్తాం, ఏదో ఒకటి పాతదైతే ఆ రోజు మ్యాప్ ముట్టుకోం, స్టేషన్ల మధ్య గీత దగ్గరి బాణాలు అసలు లెక్కలోకి తీసుకోం. అప్పటి నుంచి ఒక్క ఫ్లోట్ కూడా పోలేదు. సర్వీస్ వాళ్లకి రెండుసార్లు రాశాను, నింపిన బాణాలు వేరే రంగులో చూపించండి, ఎన్ని స్టేషన్లు చూశాయో బాణం మీద నొక్కితే తెలిసేలా పెట్టండి అని. అది చేసిన రోజు మిగిలిన నక్షత్రం కూడా ఇచ్చేస్తాను. ఇక ఒడ్డుకి ఆనుకుని, అలలు విరిగే చోట, కిలోమీటరు లోపల ఏం జరుగుతోందో కావాలంటే మాత్రం ఇది మీకు పనికిరాదు, అక్కడికి ఈ గడులు మరీ పెద్దవి.