సహాయ నిరాకరణా, న్యాయపోరాటమా: అమెరికా రాష్ట్రాలకు ఏది మేలు?

ఫెడరల్ ప్రభుత్వ విధానం నచ్చనప్పుడు అమెరికాలోని ఒక రాష్ట్రానికి ప్రధానంగా రెండు దారులున్నాయి: కోర్టుకెక్కడం, లేదా ఆ విధానం అమలుకు తన యంత్రాంగాన్ని ఇవ్వకపోవడం. ఫెడరల్ చట్టం తమ గడ్డ మీద చెల్లదని ప్రకటించే మూడో దారిని 1832లో సుంకాల విషయమై సౌత్ కరోలినా తొక్కింది కానీ, అలాంటి అధికారం ఏ రాష్ట్రానికీ లేదని నల్లజాతి విద్యార్థుల ప్రవేశానికి సంబంధించిన లిటిల్ రాక్ (ఆర్కాన్సా) పాఠశాలల కేసులో 1958లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

దావాకున్న బలం వేగం. టెక్సస్ సహా 26 రాష్ట్రాలు వేసిన దావాలో 2015 ఫిబ్రవరిలో వచ్చిన ఉత్తర్వుతో, వలస పత్రాలు లేని తల్లిదండ్రులకు ఊరటనిచ్చే ఒబామా కార్యక్రమం మొదలుకాకముందే ఆగిపోయింది. అయితే దావా వేసినవారికి పూర్తి ఉపశమనం దక్కడానికి అవసరమైనంతకు మించి ఇలాంటి ఉత్తర్వులు విస్తరించరాదని సుప్రీంకోర్టు 2025 జూన్‌లో చెప్పడంతో ఆ పదును కొంత తగ్గింది.

నా దృష్టిలో సహాయ నిరాకరణే ఎక్కువకాలం నిలిచే మార్గం. తుపాకీ కొనేవారి పూర్వాపరాలు పరిశీలించే పనిని స్థానిక షెరిఫ్‌ల మీద రుద్దిన బ్రేడీ చట్ట నిబంధనను 1997లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో కొట్టివేసింది. రాష్ట్రాల అధికారులను ఫెడరల్ ప్రభుత్వం తన పనికి వాడుకోజాలదన్న ఆ సూత్రమే, రెండు దశాబ్దాల తర్వాత వలసచట్టాల అమలులో తన పోలీసుల పాత్రను పరిమితం చేసిన కాలిఫోర్నియాకు అండగా నిలిచింది. ఏ పక్షం అధికారంలో ఉన్నా రెండో పక్షానికి ఇది అందుబాటులో ఉండటం చిన్న విషయం కాదు. గంజాయి సంగతి ఇంకా స్పష్టమైన ఉదాహరణ: 1996లో కాలిఫోర్నియా వైద్య అవసరాలకు దాన్ని అనుమతించింది, ఫెడరల్ నిషేధం అక్కడా వర్తిస్తుందని 2005లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది, అయినా రాష్ట్ర పోలీసుల తోడు లేకుండా ఆ నిషేధాన్ని ఇంటింటా అమలు చేసేంత బలగం ఫెడరల్ ప్రభుత్వానికి లేనందువల్ల రాష్ట్రాల చట్టాలు బతికి, విస్తరించాయి.

కానీ తప్పుకోవడం వేరు, అడ్డుకోవడం వేరు. ఫెడరల్ అధికారులు తామే వచ్చి పనిచేస్తే రాష్ట్రం వారిని ఆపలేదు. నిధులు నిలిపివేస్తామన్న బెదిరింపు ఎదురైనప్పుడు కూడా సహాయ నిరాకరణ పనికిరాదు, అక్కడ దావాయే శరణ్యం. మద్యపాన వయసును 21 ఏళ్లకు పెంచని రాష్ట్రాలకు రహదారి నిధుల్లో 5 శాతం కోత విధించడం సబబేనని 1987లో చెప్పిన సుప్రీంకోర్టే, పేదలకిచ్చే ప్రభుత్వ వైద్య బీమా అయిన మెడికెయిడ్ విస్తరణకు ఒప్పుకోకపోతే ఉన్న నిధులన్నీ పోతాయనడం బలవంతమేనని 2012లో తేల్చింది.